మచ్చలేని ఆకులు

పిచ్చుక మాటలు తగ్గించిన సంగతి ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది తాతే. ఆ పిల్లకి ఆ ముద్దుపేరు ఊరికే రాలేదు. లేచింది మొదలు పడుకునేదాకా ఒకటే కిచకిచ. కుర్చీతో మాట్లాడేది, చెప్పులతో మాట్లాడేది, తాత మీసంతో విడిగా మాట్లాడేది. అలాంటిది, నీళ్ళు కావాలన్నా వేలు చూపించి ఊరుకోవడం మొదలుపెట్టింది.

“అమ్మాయ్, పిల్ల నోరు కట్టేసుకుంది, చూస్తున్నావా?” అన్నాడు తాత కోడలితో.

“మీరు మాట్లాడనిస్తే గదా మామయ్యా,” అంది కోడలు కుట్టుమిషను ఆపకుండా. “ఇంట్లో ఉన్న మాటలన్నీ మీరే వాడేస్తుంటే దానికేం మిగుల్తాయి?”

ఆయన నవ్వాడు. పక్కనే పెన్సిళ్ళు చెక్కుకుంటున్న చిన్నీ కూడా నవ్వింది. చిన్నీ ఆయన కూతురు, పిచ్చుకకి మేనత్త. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. వృక్షశాస్త్రం చదివి, మొక్కల పరిశోధన సంస్థలో బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తోంది. అన్న, అంటే పిచ్చుక నాన్న, సరుకుల ఓడలో పనిచేస్తాడు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. కాబట్టి ఇల్లంటే నాన్న, వదిన, పిచ్చుక, తను.

నవ్వులాటలో పడి ఆ మాట అలాగే కొట్టుకుపోయింది. పిల్ల అన్నం మానేసి, పొట్ట పట్టుకుని గది మూలకి ముడుచుకోవడం మొదలయ్యాక గానీ ఎవరికీ కంగారు పుట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే, పిల్లల డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది.

“రక్తం బాగా తక్కువగా ఉంది. మందు రాస్తాను. ఆకుకూరలు పెడుతున్నారా?”

తాత మొహం విచ్చుకుంది. “ఆకుకూరలా! ఆ విషయంలో మా తర్వాతే ఎవరైనా, డాక్టరమ్మా. సొంత తోట.”

“ఇంకేం మరి, ఇంకాస్త ఎక్కువ పెట్టండి,” అందావిడ నవ్వుతూ.

ఆ మాట ఆయనకి పట్టాభిషేకంలా అనిపించింది. ఆ పూట నుంచి పిల్లకి కూర ఉడికించడం, మెదపడం, తినిపించడం అన్నీ తన పనులేనని ప్రకటించాడు. కోడలు కూడా సరేనంది. దుకాణాలకి ఇవ్వాల్సిన దుస్తులు ఆమె మిషను పక్కన కుప్పలుగా పేరుకుని ఉన్నాయి.

తోట పెద్దదేం కాదు. వీధి చివర మూతపడ్డ ఇత్తడి కర్మాగారం ఒకటుంది. ఒకప్పుడు అందులో కుళాయిలు, గొళ్ళేలు, తలుపు పిడులు పోతపోసేవారు. ఆయన అక్కడ కొలిమి మేస్త్రి. వీధిలో ఇప్పటికీ ఆయన్ని మేస్త్రిగారనే పిలుస్తారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మొక్క మొహం చూసి ఎరగడు. కర్మాగారం మూతపడ్డాక చేతులు ఊరుకోలేక, దాని వెనక గోడవారనున్న బీడు మీద పడ్డాడు. తుప్పు రేకులూ గాజుపెంకులూ ఏరిపారేశాడు. పైన మంచి మట్టి తోలించాడు. మళ్ళు కట్టి పాలకూర, ముల్లంగి, బీట్‌రూట్ వేశాడు. కంచెకి చిక్కుడు పాకించాడు.

మొదటి ముల్లంగి పీకిన రోజు దాన్ని కడిగి, తువ్వాలులో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. “జన్మంతా కొలిమి ముందు నిలబడ్డాను చిన్నీ. ఊపిరున్న వస్తువు ఒక్కటి చెయ్యలేదు. ఇదిగో, ఇది చూడు,” అన్నాడు.

పండింది ఇంటికి పోను వీధికి పంచేవాడు. అమ్మమని ఎవరన్నా అంటే కోపం వచ్చేది.

ఆదివారాలు చిన్నీ తోటకి రంగులు పట్టుకెళ్ళేది. ఆఫీసులో గీసినవన్నీ ఎండబెట్టి అట్టలకి అతికించిన మొక్కలు. పచ్చి ఆకుని, తడి మట్టి వాసన పీలుస్తూ గీయడం ఇక్కడే. ఆయన పక్కన గొడుగు పట్టుకుని నిలబడేవాడు. “మా పాలకూర తల దువ్వుకుని కూర్చుంది, ఇక తియ్యవే ఫొటో,” అనేవాడు. గీసిన ప్రతి బొమ్మకీ అద్దం కట్టించి ముందుగదిలో వేలాడదీశాడు. పెళ్ళి ఫొటోలుండాల్సిన చోట పాలకూర ఉందేమిటని వచ్చినవాళ్ళు అడిగితే, “పెళ్ళికంటే నమ్మకమైంది లెండి,” అనేవాడు.

ఆ బొమ్మలు నిజంగానే బావుండేవి. అలా గీయడం చిన్నీకి నేర్పింది ఆఫీసులో పెద్దసారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఒక ఆకుని ఉన్నదున్నట్టు, పురుగు కొరికిన చిల్లుతో సహా గీసి చూపిస్తే ఆయన పడీపడీ నవ్వాడు.

“పురుగు కొరికితే అది పురుగుకీ ఆకుకీ ఉన్న తగువమ్మా, మధ్యలో మనమెందుకు? నువ్వు గీసేది ఈ ఒక్క ఆకుని కాదు, ఈ జాతిని. పది ఆకులు చూడు, వాటన్నిట్లో ఉన్నదే గియ్యి. ఒక్కదాని జ్వరం మన కాగితం మీదికి రాకూడదు.”

అది ఆ పనిలో అందరూ పాటించే పద్ధతే. చిరిగిన అంచుని అతకాలి. ఊడిన ఆకుని పక్క కొమ్మ నుంచి అరువు తెచ్చుకోవాలి. పసుపు తిరిగినదానికి పచ్చదనం పొయ్యాలి. ఏళ్ళు గడిచేసరికి చిన్నీ చెయ్యి ఆమెని అడక్కుండానే ఆ పని చేసుకుపోయేది. కన్ను చూసేది, చెయ్యి నయం చేసేది, మధ్యలో మనసుకి కబురే అందేది కాదు.

డాక్టరమ్మ ఇచ్చిన మందు అయిపోవచ్చింది. ఆకుకూర రెండు పూటలా నడుస్తోంది. పిచ్చుక మాత్రం రోజురోజుకీ వాడిపోయింది. నడుస్తూ నడుస్తూ తూలేది. ఉన్న మాటలు ఒక్కొక్కటే జారిపోయి, చివరికి “తాతా” ఒక్కటే మిగిలింది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. వేరే పరీక్ష రాసింది. దాని ఫలితం వచ్చాక ముగ్గురినీ కూర్చోబెట్టింది.

“పిల్ల రక్తంలో సీసం ఉంది. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. ఇల్లు పాతదా? గోడలకీ కిటికీలకీ పాత రంగులున్నాయేమో చూడండి. బొమ్మలు చూడండి. ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే తప్ప మందు పనిచెయ్యదు. ఒక పక్క తోడుతుంటే ఇంకో పక్క నిండుతూ ఉంటుంది.”

ఇంటికి రాగానే వదిన చీపురు అందుకుంది. రంగు వేసిన చెక్క గుర్రాన్ని, పూసల దండల్ని, పిల్ల నోట్లో పెట్టుకున్న ప్రతిదాన్నీ మూటగట్టి బయట పారేసింది. తాత కిటికీల రంగంతా గీకి, తడిగుడ్డతో నేల తుడిచి తుడిచి నడుం పట్టేసి పడుకున్నాడు. పడుకున్నవాడు మళ్ళీ లేచి పాలకూర కోసుకురావడానికి తోటకి వెళ్ళాడు. “విషం పోవాలంటే ముందు రక్తం పట్టాలిగా,” అన్నాడు. అందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు. చిన్నీకి కూడా తోచలేదు.

ఆఫీసులో అప్పుడు బడిపిల్లల కోసం కూరగాయల పటం ఒకటి తయారవుతోంది. పాలకూర కోసం చిన్నీ ఇంటి నుంచే ఒక కట్ట, వేళ్ళకి మట్టి అంటుకున్నది అంటుకున్నట్టే తెచ్చి, నీళ్ళగ్లాసులో నిలబెట్టి గీసింది. బొమ్మ ఆరుతుండగా పెద్దసారు అటుగా వచ్చాడు. ముందు బొమ్మని చూశాడు, తర్వాత గ్లాసుని చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు.

“అబ్బో! రోగిష్టిదాన్ని పెళ్ళికూతుర్ని చేశావమ్మా.”

“రోగమేంటి సార్? మా నాన్న పెంచింది.”

“ఇంత చదివి అడుగుతావేం! లేతాకు చూడు, ఈనెలు పచ్చగా ఉండి మధ్యదంతా పసుపు. ఎదుగూ బొదుగూ లేదు. నేలలో జింకు మితిమీరితే ఇదిగో, ఇలా అవుతుంది. మీ నాన్న ఏ ఫ్యాక్టరీ పక్కన వేశాడో ఏమో.” ఆయన భుజం తట్టాడు. “బొమ్మలో మాత్రం బ్రహ్మాండంగా కుదిర్చావు. రోగం ఆనవాలే లేదు.”

మెచ్చుకుని వెళ్ళిపోయాడు. చిన్నీ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయింది. ఆ పసుపు ఆమెకి కొత్త కాదు. ప్రతి ఆదివారం చూసిందే. చూసి, రంగుల పళ్ళెంలో ఇంకొంచెం ఆకుపచ్చ కలుపుకుంది. కిందటేడు కూడా అంతే. ఏ మడిలో చూసినా అదే పసుపు, తన చేతిలో అదే మందు.

ఇత్తడి అంటే రాగీ జింకూ. ఆ సంగతి బడిపిల్లలకీ తెలుసు. కొలిమిలోంచి తీసిన బూడిద ఎక్కడికి పోయేదో మాత్రం ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ బూడిదలో జింకుతోపాటు ఇంకేం ఉంటుందో కూడా అడగలేదు.

వేళ్ళకున్న మట్టిని కాగితంలోకి దులిపి, కింది అంతస్తులో మట్టి పరీక్షలు చేసే గదికి పరుగెత్తింది. అక్కడి ఉద్యోగి టీ తాగుతూ, రేపు రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, టీ పక్కనపెట్టి లేచాడు. చాలాసేపటికి బయటికొచ్చి, “ఈ మట్టి ఎక్కడిది?” అన్నాడు. “జింకు సంగతి వదిలెయ్యండి. సీసం ఉంది ఇందులో. ఈ నేలలో పిల్లల్ని ఆడుకోనిస్తేనే ప్రమాదం, ఇక తినడం గురించి నన్నడక్కండి.”

ఆమె ఇల్లు చేరేసరికి ముందుగదిలో మిషను చప్పుడవుతోంది. నాన్న గుమ్మం పక్కన పీట వేసుకుని, పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నెలోంచి చెంచాతో తినిపిస్తున్నాడు. “ఇది తాత ముద్ద, ఇది ఓడలో నాన్న ముద్ద...” పిల్ల నోరు మూసుకుని తల తిప్పేసుకుంటోంది. ఆయన బతిమాలుతున్నాడు. చిన్నీ గిన్నె లాక్కుంది.

“ఏంటే, పిచ్చి పట్టిందా?”

“నాన్నా, మన తోట మట్టిలో సీసం ఉంది. పరీక్ష చేయించాను. దీనికి మనమే పెడుతున్నాం.”

మిషను ఆగిపోయింది.

“సీసం రంగుల్లో ఉందన్నారు గదా. గీకేశాను గదా,” అన్నాడు ఆయన.

“ఉందేమో చూడమన్నారు నాన్నా. ఉందని ఎవరూ అనలేదు.”

“నా తోటకేం వచ్చింది? ఏమొచ్చిందంట?” ఆయన పిల్లని దించి లేచాడు. గోడ వైపు చెయ్యి చాపాడు. “అదిగో, నీ చేత్తో నువ్వే గీశావు. వారం వారం కూర్చుని, కళ్ళు చిల్లులు పడేలా చూసి గీశావు. చదువుకున్నదానివి. ఏ ఆకు మీద ఉందో చూపించు విషం! ఒక్క మచ్చ చూపించు, ఇప్పుడే పోయి మొత్తం పీకేస్తాను.”

చిన్నీ గోడ వంక చూసింది. అద్దాల వెనక పాలకూర, బీట్‌రూట్, చిక్కుడు. నిగనిగలాడే పచ్చదనం. ఎక్కడా మచ్చ లేదు. వంటగదిలోకి వెళ్ళి, మిగిలిన పాలకూర కట్టలోంచి ఒక రెమ్మ తెచ్చి, నేల మీద కాగితం పరుచుకుని కూర్చుంది.

“ఏం చేస్తున్నావు?”

“గీస్తున్నాను. నువ్వు ఆకు పక్కనే పెట్టుకుని చూడు. లేనిది గీస్తే నా చెయ్యి పట్టుకుని ఆపు.”

“కావాలని వంకలు పెట్టి గీస్తావు.”

“అందుకే గదా చూడమంటున్నాను.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గొణుక్కుంటూ, పట్టేసిన నడుంతోనే కింద కూర్చున్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా అంచుని సాఫుగా తిప్పబోయింది. ఆపుకుని, ముడుచుకున్న అంచుని ముడుచుకున్నట్టే గీసింది. చివరన మాడిన గోధుమరంగు వేసింది. ఈనెల మధ్య పసుపు పూసింది. ఆ పసుపు పూస్తుంటే ఎవరో తెలిసినవాళ్ళ ఒంటి మీద పుండుని గుడ్డ తీసి చూపిస్తున్నట్టుంది. ఆయన ఆకునీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

“ఎండకనుకున్నాను ఈ పసుపు,” అన్నాడు చివరికి. ఆకుని నేల మీద పెట్టాడు. కాసేపు మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. “కుళాయి బిగించే మర చుట్లు సాఫీగా తెగాలంటే, ఇత్తడిలో కాస్త సీసం పడాలి. నేనే వేసేవాణ్ణి. కొలిమి బూడిదంతా ఎత్తించి, వెనక గోడవారన పోయించిందీ నేనే. పైన మంచి మట్టి తోలించాను గదా అనుకున్నా. ఇన్ని వానలు పడ్డాయి, ఇంకేం ఉంటుందిలే అనుకున్నా.”

వదిన మిషను దగ్గర్నుంచి లేచి వచ్చింది. “డాక్టరమ్మ సీసం అన్నప్పుడు మీకు తట్టిందా మామయ్యా?”

ఆయన కళ్ళజోడు తీసి మడిచాడు.

“చెప్పండి. తట్టిందా?”

“గుమ్మం దాకా వచ్చిందమ్మా ఆ ఆలోచన. నేనే లోపలికి రానివ్వలేదు.”

ఆమె ఏడవలేదు, అరవలేదు. పిల్లని చంకనేసుకుంది. “వద్దని అది నోరు మూసుకుంటుంటే, వెంటపడి తినిపించారు,” అంది. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటబోతూ ఆగి, చిన్నీ వైపు తిరిగింది. “వారం వారం దాని ముందే కూర్చున్నావే. నీ చదువు దేనికి చిన్నీ?”

ఆసుపత్రిలో పిచ్చుకని చేర్చుకున్నారు. సూదిమందు మొదలైంది. సీసాన్ని ఒంట్లోంచి కొంత బయటికి లాగుతుందని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ మాట్లాడుతుందా అని చిన్నీ అడిగింది.

“చెప్పలేనమ్మా. కొన్ని మాటలు రావచ్చు. ఈ వయసులో మెదడుకి తగిలింది పూర్తిగా మానదు. బడికి వెళ్ళే వయసొచ్చాక గానీ ఎంత నష్టం జరిగిందో తెలియదు. ఇంకా దిగజారకుండా చూడటమే ఇప్పుడు మన పని.”

తాత వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పిల్ల మంచం దగ్గరికి రావద్దని కోడలు ఆయనతో చెప్పలేదు. ఆయన తలుపు దాకా వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది, అంతే. ఆయన తిరిగి వెళ్ళి బల్ల మీద కూర్చునేవాడు. లోపల్నుంచి పిల్ల గొంతు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేవాడు. ఏడుపు వినిపించేది, మాట మాత్రం వినిపించలేదు.

మర్నాడు పొద్దున చిన్నీ తోటకి వెళ్ళేసరికి మళ్ళన్నీ ఖాళీ. ఆయన అన్నీ పీకి, పశువుల నోట పడకుండా గోనెసంచుల్లో కుక్కి మూతులు కడుతున్నాడు. చిక్కుడు తీగ ఒక్కటే కంచెకి పెనవేసుకుని రాలేదు. దాన్ని కొడవలితో కోసి, కోసిన చోట చేత్తో తడుముకుంటూ నిలబడ్డాడు.

“వీధిలో ఇచ్చాను చిన్నీ,” అన్నాడు. “పాలకూర ఇవ్వని ఇల్లు లేదు.”

“నేను వెళ్ళి చెప్తాను నాన్నా. నువ్వు ఇంటికెళ్ళి పడుకో.”

“ఇచ్చింది నేను.”

చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయల్దేరాడు. చిన్నీ వెనక నడిచింది. మొదటి ఇంట్లో ముసలాయన అంతా విని, “మేం పెద్దగా తినలేదులే మేస్త్రీ,” అని తలుపు వేసుకున్నాడు. లోపల గొలుసు పెట్టిన చప్పుడైంది. పక్కింటావిడ తన ఇద్దరు పిల్లల్నీ బయటికి లాక్కొచ్చి, వాళ్ళ కళ్ళు, నాలుక చూడమని చిన్నీని నిలదీసింది. రక్తపరీక్ష చేయిస్తే తప్ప చూడగానే తెలియదని చిన్నీ చెప్తుంటే, “ఉచితంగా ఇస్తున్నాడంటే ఏదో ఉంటుందని మా ఆయన ముందే అన్నాడు!” అని వీధంతా వినపడేలా అరిచింది. ఆయన తలవంచుకుని విన్నాడు. ఆమె అరవడం అయ్యేదాకా ఉండి, ఆసుపత్రిలో ఏ గదికి వెళ్ళాలో చెప్పి, పక్క ఇంటికి నడిచాడు.

దర్జీ ఇంటి తలుపు అతని కోడలు తీసింది. నెలలు నిండిన మనిషి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని ఆయాసపడుతోంది. మేస్త్రిని చూడగానే ఆమె మొహమంతా నవ్వు పరుచుకుంది.

“నూరేళ్ళు మీకు! ఇప్పుడే సంచి పంపుదామనుకుంటున్నాను బాబాయిగారూ. ఈసారి పాలకూర కాస్త ఎక్కువ వెయ్యండి. మీ దయవల్ల ఈ నెలలన్నీ దాంతోనే గడిచాయి, ఇంకేం తిన్నా కడుపులో ఇమడలేదు.”

చిన్నీ ఒకడుగు ముందుకేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

“అమ్మా, ఆ కూరలో సీసం ఉంది. విషం. నేను పంచింది విషం.”

ఆమె పకపకా నవ్వింది. మేస్త్రి ఏదో ఒకటి అని నవ్విస్తాడని వీధికంతా తెలుసు. “బావుంది! సంచి ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదనండి, భయపెడతారేం!” అంటూ ఇంకా నవ్వుతోంది. ఆయన ఆ నవ్వు ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.